వాన ఎవరి మంత్రానికి పడింది?

మా అనంతపురం జిల్లాలో వాన కోసం చేయని పని లేదు. కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, పిల్లలు ఇంటింటికీ తిప్పుతారు. ఆడవాళ్ళు దానిమీద చెంబెడు నీళ్ళు పోస్తారు. గుళ్ళో విరాటపర్వం చదివిస్తారు, వరుణయాగం చేస్తారు, దర్గాలో ప్రార్థన పెట్టిస్తారు. వేరుశనగ పైరు ఊడల దశలో వాడిపోతుంటే ఎవరూ ఊరకే కూర్చోలేరు. ఏ పదిరోజులకో ఒక వాన పడుతుంది. ఆ మర్నాడు రచ్చకట్ట మీద వాదం మొదలవుతుంది. కప్పకు నీళ్ళు పోసినవాళ్ళు కప్పతల్లి కరుణించిందంటారు. పురాణం చదివించినవాళ్ళు విరాటపర్వం మహిమంటారు.

మనసు జబ్బు నయమైన ఇళ్ళలోనూ అచ్చం ఇదే వాదం వింటాను.

"కసాపురం ఆంజనేయస్వామి సన్నిధిలో మండలం దినాలు ఉన్నాకనే మావానికి బాగయింది."

"పెనుకొండ బాబయ్య దర్గాకు పోయొచ్చినాక నిద్దర పట్టింది నాయనా."

"అవన్నీ కాదప్పా. బళ్ళారి డాక్టరు బిళ్ళలు రాసిచ్చినాడు. మూడు నెలలకు మనిషి మళ్ళా మనిషైనాడు."

"మా పాపను బెంగుళూరులో కౌన్సెలింగుకు తీసుకుపోయినాము. మాట్లాడీ మాట్లాడీ దిగులు పోగొట్టినారు."

నలుగురూ నిజమే చెబుతున్నారు. ఎవరూ అబద్ధమాడటం లేదు. మరి వైద్యం చేసిందెవరు? దేవుడా, తాయత్తా, బిళ్ళా, మాటా? మాట అయితే ఎవరి మాట? చిన్ననాటి గాయాలను తవ్వేవాళ్ళదా, ఆలోచనను సరిదిద్దేవాళ్ళదా, అలవాటును మార్చేవాళ్ళదా? మనోవైద్య ప్రపంచం దాదాపు తొంభై ఏళ్ళుగా కుస్తీ పడుతున్న చిక్కుముడి ఇది. ఈ కరువు నేలమీద నిలబడి, ఒక్కొక్క ఆనవాలే పట్టుకుని విప్పి చూద్దాం.

మొదటి ఆనవాలు: కప్పను ఎప్పుడు ఊరేగిస్తారు?

వానలు బాగా పడిన ఏడు కప్పను ఎవరూ ఊరేగించరు. నేల నెర్రెలిచ్చి, ఇక లాభం లేదనుకున్నప్పుడే ఊరేగిస్తారు. కరువు అంత ముదిరాక తర్వాత వచ్చే మార్పు చాలాసార్లు మంచివైపే ఉంటుంది. మనిషి కూడా అంతే. నిద్ర కాస్త తగ్గితే ఎవరూ వైద్యానికి పోరు. అన్నం సయించక, పని చేయబుద్ధి కాక, ఇక భరించలేమన్న రోజున గడప దాటుతారు. అక్కడినుంచి కొందరికి దానంతటదే తెరిపి వస్తుంది. ఆ పూట ఎవరి గుమ్మంలో ఉంటే వాళ్ళకు పేరొస్తుంది.

1952లో లండన్ మనస్తత్వవేత్త హాన్స్ ఐసెంక్ ఈ ప్రశ్ననే నిర్మొహమాటంగా లేవనెత్తాడు. ఆందోళన, దిగులు లాంటి బాధలున్నవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ప్రత్యేక వైద్యమేదీ లేకుండానే రెండేళ్ళలో తేరుకుంటున్నారని, మాటవైద్యం చేయించుకున్నవాళ్ళు అంతకన్నా మెరుగ్గా ఏమీ లేరని అన్నాడు. ఆయన పోల్చిన గుంపులు ఒకదానికొకటి సాటిరావని తర్వాత చాలామంది తప్పుపట్టారు. అది న్యాయమైన విమర్శే. కానీ ప్రశ్న మాత్రం నిలిచిపోయింది: వైద్యం లేకపోతే ఏమయ్యేదో తెలియకుండా వైద్యం పనిచేసిందని ఎలా అంటాం?

బోరు వేయించే రైతుకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగే ఆసామి చూపినచోట నీళ్ళు పడితే ఆయన పేరు నాలుగూళ్ళు పాకుతుంది. పడని బోర్లను ఎవరూ లెక్కపెట్టరు. వాటిని లెక్కపెట్టేది అప్పు ఇచ్చినవాడొక్కడే. నయమైనవాళ్ళనూ కానివాళ్ళనూ, వైద్యం అందినవాళ్ళనూ అందనివాళ్ళనూ చీటీలు వేసి విడదీసి లెక్కపెడితే తప్ప ఈ ముడి కదలదు.

రెండో ఆనవాలు: అందరికీ బహుమతి

ఐసెంక్ కంటే ముందే, 1936లో, సాల్ రోజెన్‌జ్వైగ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 'అమెరికన్ జర్నల్ ఆఫ్ ఆర్థోసైకియాట్రీ'లో ఒక చిన్న వ్యాసం రాశాడు. పద్ధతులు ఒకదానికొకటి పొసగవు, అయినా ప్రతి పద్ధతివాళ్ళూ నయం చేసి చూపిస్తున్నారు. అలాంటప్పుడు నయం చేస్తున్నది వాళ్ళు చెప్పుకునే సిద్ధాంతం కాకపోవచ్చు, అందరిలోనూ దాగున్న ఉమ్మడి సరుకేదో అయ్యుండవచ్చు అన్నది ఆయన అనుమానం. పిల్లల కథ 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్'లో డోడో అనే పక్షి ఒక పరుగుపందెం పెట్టి, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు పరిగెత్తాక అందరూ గెలిచారని తీర్పు చెబుతుంది. రోజెన్‌జ్వైగ్ దాన్ని తలుచుకున్నాడు. అప్పటినుంచి ఈ చిక్కుకు 'డోడో తీర్పు' అనే పేరు స్థిరపడింది.

నలభై ఏళ్ళ తర్వాత లెక్క పక్కాగా తేలింది. 1977లో మేరీ లీ స్మిత్, జీన్ గ్లాస్ 375 అధ్యయనాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. మాటవైద్యం అందుకున్న సగటు మనిషి, అందుకోనివాళ్ళలో నూటికి డెబ్బై అయిదుగురి కంటే మెరుగ్గా ఉన్నాడు. అంటే ఐసెంక్ ప్రశ్నకు జవాబు దొరికింది, వాన ఊరికే పడలేదు. కానీ ఆ లెక్కలోనే రెండో సగం ఉంది. ఒక పద్ధతికీ మరో పద్ధతికీ మధ్య తేడా పెద్దగా కనబడలేదు. డోడో తీర్పు అలాగే నిలబడింది.

మూడో ఆనవాలు: చక్కెర బిళ్ళ ఇచ్చిన చెయ్యి

అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ డిప్రెషన్ మీద పెద్ద పరీక్ష జరిపించి, 1989లో ఫలితాలు ప్రకటించింది. సుమారు 250 మందిని చీటీలు వేసి నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆలోచనలను సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఇంకొకదానికి బంధాల్లోని చిక్కులను సవరించే ఇంటర్‌పర్సనల్ థెరపీ. మూడో గుంపుకు ఇమిప్రమైన్ అనే మందు, దాంతోపాటు వారంవారం డాక్టరు పలకరింపు. నాలుగో గుంపుకు మందులేని ఉత్త బిళ్ళ, దాంతోపాటు అదే పలకరింపు.

నాలుగు నెలలకు నాలుగు గుంపులూ తేరుకున్నాయి. జబ్బు తేలికగా ఉన్నవాళ్ళలో గుంపుల మధ్య తేడా పెద్దగా లేదు. జబ్బు గట్టిగా ఉన్నవాళ్ళలో మాత్రం మందు ముందుకొచ్చింది.

అసలు ఆనవాలు ఆ తర్వాత దొరికింది. 1996లో జానిస్ క్రుప్‌నిక్ బృందం ఆ సంభాషణల వీడియోలను మళ్ళీ చూసింది. రోగికీ వైద్యుడికీ మధ్య నమ్మకం ఎంత బాగా కుదిరితే ఫలితం అంత బాగుంది. మాటవైద్యంలోనే కాదు, మందు గుంపులోనూ అంతే, ఉత్త బిళ్ళ గుంపులోనూ అంతే. 2006లో మరో బృందం బిళ్ళలిచ్చిన తొమ్మిదిమంది సైకియాట్రిస్టులను వేరువేరుగా తూచింది. రోగులు బాగా తేరుకునే డాక్టర్లు ఉత్త బిళ్ళతో సాధించిన ఫలితం, రోగులు అంతగా తేరుకోని డాక్టర్లు అసలు మందుతో సాధించినదాని కంటే మెరుగ్గా ఉంది.

మా అవ్వల కాలంనుంచి ఉన్న 'హస్తవాసి' అనే మాటకు ఇంత బరువుందని నాకు ఇక్కడే తెలిసింది.

నాలుగో ఆనవాలు: గుడి నీడ

ఉమ్మడి సరుకంటే ఏమిటి? జెరోమ్ ఫ్రాంక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు దాన్ని నాలుగు పాళ్ళుగా విడదీశాడు. మనసు విప్పి చెప్పుకోగల ఒక మనిషి, నయమవుతుందన్న ఆశ కలిగించే ఒక చోటు, ఈ బాధ ఎందుకొచ్చిందో అర్థమయ్యేట్టు చెప్పే ఒక కారణం, ఇద్దరూ కలిసి నమ్మకంగా చేసే ఒక పని. ఈ నాలుగూ మన గుడిలో, దర్గాలో, మంత్రగాడి ఇంట్లో, నగరం క్లినిక్కులో కూడా ఉంటాయి. కారణం పేరు మాత్రం మారుతుంది. ఒకచోట గాలి, ఒకచోట గ్రహం, ఒకచోట బాల్యం, ఒకచోట మెదడు.

బెంగుళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వైద్యుడు రఘురామ్, ఆయన సహచరులు 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. తమిళనాడులోని వేలాయుధంపాళయంపుదూర్‌లో ముత్తుస్వామి గుడికి తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్ళను తెచ్చి ఉంచుతారు. అక్కడ మందూ లేదు, ప్రత్యేక క్రతువూ లేదు. తోడుగా ఇంటివాళ్ళు ఉంటారు. ఊడ్వడం, మొక్కలకు నీళ్ళు పోయడం లాంటి చిన్నచిన్న పనులు ఉంటాయి. ఎవరూ ఎవరినీ ఛీ అనరు. సగటున ఆరు వారాలున్న 31 మందిలో జబ్బు లక్షణాలు దాదాపు అయిదో వంతు తగ్గాయి. పోల్చడానికి ఇంకో గుంపు లేదు కాబట్టి కప్ప ఊరేగింపు ప్రశ్న ఇక్కడా ఉంది. అయినా గుడికెళ్ళి తేరుకున్నామనే మాటను కొట్టిపారేయకూడదని ఈ లెక్క చెబుతుంది.

మన దేశపు వైద్యులు ఈ సంగతిని ముందే పట్టుకున్నారు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు కుటుంబాన్నీ అక్కడే ఉంచాడు. 1964లో బెంగుళూరు నుంచి ఎన్.సి. సూర్య, ఎస్.ఎస్. జయరామ్ ఒక వ్యాసం రాశారు. మన రోగి వైద్యుణ్ణి మౌనంగా వినే అపరిచితుడిగా కాక, ఇంటి పెద్దలా దారి చూపే మనిషిగా కోరుకుంటాడని అందులో చెప్పారు. 1973లో జె.ఎస్. నేకి గురుశిష్య బంధాన్నే వైద్యానికి నమూనాగా చూపాడు. ఆ వ్యాసం అచ్చయింది రోజెన్‌జ్వైగ్ డోడోను తలుచుకున్న పత్రికలోనే.

అయిదో ఆనవాలు: సంకెళ్ళూ బళ్ళారి బస్సూ

ఇక్కడితో ఆగితే అన్నీ ఒకటేనని తేల్చేసి ఇంటికి పోవచ్చు. పోకూడదు. 2001 ఆగస్టు 6న, తమిళనాడు ఏర్వాడిలో దర్గా చుట్టూ వెలిసిన ప్రైవేటు ఆశ్రయాల్లో ఒకదానికి తెల్లవారుజామున నిప్పంటుకుంది. మనుషులను గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది కాలిపోయారు. చోటు ఉన్నంతమాత్రాన, నమ్మకం ఉన్నంతమాత్రాన వైద్యం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఎక్కడా ఎవరినీ సంకెళ్ళతో కట్టకూడదని శాసించింది.

రెండో సంగతి మా పొరుగునే ఉంది. 1882 దాకా అనంతపురం బళ్ళారి జిల్లాలో భాగం. 1953లో రాష్ట్రాలు విడిపోయినప్పుడు రాయదుర్గం ఇటొచ్చింది, బళ్ళారి అటు పోయింది. కానీ చుట్టరికాలూ బస్సులూ విడిపోలేదు. ఆ బళ్ళారి జిల్లాలోనే 1985లో నిమ్హాన్స్ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. బెంగుళూరులో కూర్చున్న సైకియాట్రిస్టు దగ్గరికి పల్లె రాలేదు కాబట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని మామూలు డాక్టరుకే మానసిక జబ్బులను గుర్తుపట్టడం, మందివ్వడం నేర్పారు. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తకు ఎవరిని పంపాలో నేర్పారు. స్కిజోఫ్రెనియా, మూర్ఛ, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళకు ఊరి దగ్గరే మందు దొరికింది. అయిదేళ్ళు నడిచిన ఆ పనే 'బళ్ళారి నమూనా' అయింది. 1996లో దేశంలో నాలుగు జిల్లాలతో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే పునాది.

డోడో తీర్పు పగుళ్ళిచ్చేది ఇక్కడే. చెవిలో గొంతులు వినబడే స్కిజోఫ్రెనియాకు, ఉప్పొంగి కుప్పకూలే బైపోలార్ జబ్బుకు వట్టి మాట చాలదు. మందు ఉండాలి, మాట దానికి తోడుండాలి. చేతులు కడిగిందే కడిగే ఓసీడీకి బాల్యం గురించి ఏళ్ళ తరబడి మాట్లాడటం కంటే, భయపడే వస్తువును ముట్టుకుని, కడుక్కోకుండా ఓర్చుకునే సాధన ఎంతో మేలు. అన్ని తాళాలకూ ఒకే తాళంచెవి అనుకోవడం తప్పు.

అయితే బళ్ళారి నమూనా దేశమంతా పాకుతూ ఒకటి పోగొట్టుకుంది. బిళ్ళ ఊళ్ళోకి నడిచింది, మాట బెంగుళూరులోనే ఉండిపోయింది. 2009లో సుమిత్ జైన్, సుశ్రుత్ జాధవ్ ఉత్తర భారతంలో ఈ కార్యక్రమాన్ని దగ్గరుండి చూసి ఇదే రాశారు. విధానం మొత్తాన్ని బిళ్ళలు మింగేశాయని.

ఆరో ఆనవాలు: లేచి చేసే చిన్న పని

మరి మాటను పల్లెకు నడిపించగలమా? సైకాలజిస్టులు లేనిచోట ఎవరు మాట్లాడాలి?

1996లో అమెరికాలో నీల్ జేకబ్‌సన్ కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని విడగొట్టి చూశాడు. అందులో ఆలోచనలను సరిదిద్దే బరువైన భాగముంది, ఆగిపోయిన పనులను కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టించే తేలిక భాగముంది. రెండో భాగం ఒక్కటే, మొత్తం వైద్యమంత ఫలమిచ్చింది. దిగులుపడ్డ మనిషి మనసు బాగుపడ్డాక లేస్తాననుకుంటాడు. లేస్తే మనసు బాగుపడుతుందన్నది ఈ ఆనవాలు. దీన్ని నేర్పడానికి పెద్ద డిగ్రీలు అక్కర్లేదు.

గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2003లో జరిపిన పరీక్షలో రెండు నెలలకు మందు పనిచేసింది, వాళ్ళిచ్చిన మాటవైద్యం మాత్రం ఉత్త బిళ్ళను దాటలేకపోయింది. వాళ్ళు ఆ సంగతిని దాచలేదు, పని ఆపలేదు. చివరికి ఈ 'లేచి చేసే' పద్ధతిని పట్టుకున్నారు. వైద్యంలో ముందెలాంటి చదువూ లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల్లో డిప్రెషన్ గట్టిగా ఉన్న 495 మందిని చీటీలు వేసి విడదీశారు. 2017లో ఫలితాలొచ్చాయి. మూడు నెలలకు, ఆ సలహాదారులతో కూర్చున్నవాళ్ళలో నూటికి 64 మంది కోలుకున్నారు. మామూలు వైద్యమే అందినవాళ్ళలో 39 మంది.

ఏడో ఆనవాలు: యోచన

మావైపు డిప్రెషన్ అనే మాట ఎవరూ అనరు. "బేజారుగా ఉంది", "గుండెకాయ దడదడలాడ్తాంది", "యోచన ఎక్కువైంది" అంటారు. ఆఫ్రికాలో జింబాబ్వే ప్రజలు తమ షోనా భాషలో 'కుఫుంగిసిస' అంటారు. దానర్థం అచ్చం ఇదే, అతిగా యోచించడం. అక్కడ డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు ఆరోగ్య కేంద్రాల ఆవరణలో చెట్టుకింద చెక్కబల్ల వేయించి, అవ్వలను కూర్చోబెట్టాడు. వాళ్ళు వచ్చినవాళ్ళ కష్టాలన్నీ విని, "వీటిలో ముందు ఏది పట్టుకుందాం?" అని అడుగుతారు. ఒక్క కష్టాన్ని ఎంచుకుని, వారంలో చేయగల ఒక్క అడుగు తేల్చి పంపుతారు. 573 మందితో జరిపిన పరీక్ష 2016లో అచ్చయింది. ఆ బల్లమీద కూర్చుని పోయినవాళ్ళు ఆరు నెలలకు స్పష్టంగా మెరుగ్గా ఉన్నారు.

రోగి ఏ మాటలో బాధపడుతున్నాడో ఆ మాటలోనే వైద్యం మొదలవ్వాలి. రోగి యోచన అంటే మనమూ యోచన అనే అనాలి.

చివరి ఆనవాలు: ఆ యోచన దేని గురించి?

ఇక్కడే అనంతపురం తన సొంత ఆనవాలు మన చేతిలో పెడుతుంది. పడమటి కనుమలు నైరుతిని అడ్డుకుంటాయి, ఈశాన్యం కోస్తాలో కురిసి అలిసిపోయి వస్తుంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లే కురిసే చోట, వేరుశనగను నమ్ముకుని, బోరు మీద బోరు వేసి అప్పుపడ్డ రైతు రాత్రి నిద్రపోక యోచించేది భ్రమ కాదు, లెక్క. వడ్డీ ఎంత, పాప పెళ్ళెప్పుడు అని. అతని ఆలోచనను సరిదిద్దబోయే వైద్యుడు ముందు ఆ లెక్కను వినాలి.

ఇండోనేషియాలో పేద కుటుంబాలకు ప్రభుత్వం నగదు సాయం చేసిన చోట్ల ఆత్మహత్యలు 18 శాతం తగ్గాయని 2019లో ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. వానలు తగ్గిన ఏడాది అవి పెరగడమూ చూశారు. పంట బీమా సకాలంలో పడటం, వడ్డీ వ్యాపారి కంటే ముందు బ్యాంకు అప్పివ్వడం కూడా మనసుకు వైద్యమే. ఆ లెక్క తీరేదాకా మాటవైద్యం సగం వైద్యమే.

ముడి విప్పితే

ఆనవాళ్ళన్నీ వరసగా పేరిస్తే నాకు కనబడేది ఇది. మొదట్లో విన్న నలుగురూ నిజమే చెప్పారు, కానీ ఒక్కొక్కరూ నిజంలో ఒక్కో భాగమే చెప్పారు. కొంత దానంతటదే తగ్గింది. కొంత నమ్మకం వల్ల తగ్గింది. గుడిలో అది తోడు రూపంలో వచ్చింది, క్లినిక్కులో మాట రూపంలో వచ్చింది, బళ్ళారిలో బిళ్ళ ఇచ్చిన చేతిలోనూ ఉంది. మిగిలిన కొంత ఆ పద్ధతిదే, ఆ మందుదే. జబ్బు ఎంత ముదిరితే, ఎంత నిర్దిష్టమైతే ఆ చివరి భాగం అంత పెద్దది. అందుకే గొంతులు వినబడేవాణ్ణి గుడిలో ఉంచండి, కానీ బిళ్ళ ఆపకండి. దిగులుపడ్డ ఆడపడుచుకు బిళ్ళ రాసివ్వండి, కానీ పది నిమిషాలు కూర్చుని వినండి.

కాబట్టి ఏ వైద్యం గొప్పదని అడగడం మానేసి, ఏ గుమ్మంలోనైనా నాలుగు ప్రశ్నలు అడుగుదాం. నా మాట వింటున్నారా? నా జబ్బేమిటో నాకర్థమయ్యేట్టు చెబుతున్నారా? ఈ జబ్బుకు ఈ వైద్యం పనిచేసినట్టు లెక్క ఉందా? వచ్చే వారం నేను రాకపోతే నాకోసం ఎవరైనా వస్తారా? నాలుగో ప్రశ్నకు మా కరువు పల్లెల్లో అవుననగలిగేది ఎక్కువగా ఆశా కార్యకర్త, మహిళా సంఘం అక్కలు. గోవాలో, జింబాబ్వేలో నేర్పినట్టు వాళ్ళకు నేర్పాలి, చేసిన పనికి జీతమివ్వాలి. ఆ రోజు వచ్చేదాకా, 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా, డబ్బు కట్టకుండా, తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. ఈ నంబరును ఊరి బడి గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి.

మళ్ళీ వాన దగ్గరికొస్తాను. విరాటపర్వం వానను తెప్పించిందని నేననలేను. కానీ ఆ రాత్రుళ్ళు ఊరంతా లాంతరు చుట్టూ ఒకచోట కూర్చుంది. పొద్దున ఎవరి చేను ఎండిందో అందరికీ తెలిసింది. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఎవరో ఒకరు చూసి, సంగటి ముద్ద పంపారు. ఎవరైనా రెండు రాత్రులు రాకపోతే మూడోనాడు ఎవరో వెళ్ళి తలుపు తట్టారు. వాన వచ్చేదాకా మనుషులు నిలిచింది అలా.

ఆ తలుపు తట్టడం ఆగకూడదు. తట్టే చేతిలో అవసరమైనప్పుడు మందు కూడా ఉండాలి.